మైఐసామ్‌లో టేబుల్‌కే తాళం, ఇన్నోడీబీలో వరుసకు తాళం

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టేబుళ్లను దాచి నడిపే ఇంజన్లలో రెండు మైఐసామ్, ఇన్నోడీబీ. మైఐసామ్ టేబుల్‌ని అప్‌డేట్ చేస్తే టేబుల్ మొత్తానికీ లాక్ పడుతుంది, అంటే ఆ పని అయ్యేదాకా మిగతావాళ్లు ఆగాలి. చదివేవాళ్లు ఎంతమందైనా కలిసి చదువుకోవచ్చు, చిక్కంతా రాతతోనే. ఒక పెద్ద రిపోర్టు క్వెరీ నడుస్తోందనుకోండి. దాని వెనక ఒక అప్‌డేట్ ఆగుతుంది. మామూలుగా రాతకే ప్రాధాన్యం కాబట్టి, తర్వాత వచ్చిన చిన్నచిన్న సెలెక్టులన్నీ (చదివే క్వెరీలు) ఆ అప్‌డేట్ వెనక బారులు తీరతాయి. సీపీయూ ఖాళీగానే ఉండొచ్చు, సైటు మాత్రం కదలదు!

ఇన్నోడీబీ అప్‌డేట్ చేసే వరుసలకే తాళం వేస్తుంది. మామూలు సెలెక్టు లాక్ అడగదు, పాత వెర్షన్ చూసి వెళ్లిపోతుంది. అయితే ఆ లాకులు పడేది ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచిక) ఎంట్రీల మీద. ఏ వరుసలు కావాలో చెప్పే వేర్ షరతుకు తగ్గ ఇండెక్స్ లేకపోతే, డిఫాల్ట్ ఐసొలేషన్‌లో (ఒకరి మార్పులు మరొకరికి ఎంతవరకు కనిపించాలో చెప్పే సెట్టింగ్), అప్‌డేట్ తను స్కాన్ చేసిన వరుసలన్నింటినీ పట్టుకుంటుంది. కథ మళ్లీ మొదటికే. డెడ్‌లాకులూ (ఒకరి తాళం కోసం ఒకరు ఆగి ఇద్దరూ ఇరుక్కుపోవడం) ఇక్కడే ఎదురవుతాయి. మైఐసామ్‌లో ఆ బెడద లేదు.

షరతు లేని కౌంట్ (మొత్తం వరుసల లెక్క) మైఐసామ్‌లో క్షణంలో వస్తుంది, ఆ సంఖ్య ముందే రాసి ఉంటుంది గనక. ఆ ఒక్కదాని కోసం నేనైతే దాన్ని పట్టుకు వేలాడను. మైఎస్‌క్యూఎల్ 5.5 వెర్షన్ నుంచి డిఫాల్ట్ ఇన్నోడీబీయే. పాత టేబుళ్లు మాత్రం మీరు ఆల్టర్ కమాండ్‌తో ఇంజన్ మార్చేదాకా మైఐసామ్‌లోనే ఉండిపోతాయి.