పర్లాకిమిడి బస్టాండ్ సందులో వడ, ఘుగుని

ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్తే బస్టాండ్ పక్క సందులో ఉన్న ఈ చిన్న టిఫిన్ హోటల్లో తప్పకుండా తినండి, వడ మీద వేడి ఘుగుని (బఠాణీల కూర) పోసి పచ్చి ఉల్లిపాయలు చల్లి ఇస్తారు, చట్నీ మాత్రం పలచన. నాకు మాత్రం అక్కడి పొడుగు బల్లంటే ప్రాణం. 2003లో అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగినప్పుడు మా నాన్న కాంగ్రెస్, ఎదురుగా కూర్చునే మాస్టారు బీజేపీ, ఇద్దరికీ ఎన్నికలప్పటి నుంచి మాటల్లేవు. ఏప్రిల్‌లో లోక్‌సభ ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసిందని పేపర్లో వస్తే, మాస్టారు ఆ పేజీ మడిచి నాన్న ప్లేటు పక్కన పెట్టి, "ఇందులో మనిద్దరం ఒకటే కదండీ" అన్నారు. పేపరు మీద పడిన నూనె మరక నాకింకా గుర్తే. జులైలో మన సైన్యాన్ని ఇరాక్ పంపేది లేదని వాజ్‌పేయి ప్రభుత్వం చెప్పిన రోజు, టీ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని ఇద్దరూ పోట్లాట! టీ ఇప్పటికీ చిక్కగానే ఉంటుంది. ఆదివారం ఎనిమిది దాటితే వడలు దొరకవు.