నాలుగేళ్లుగా గ్రానైట్ దుమ్ములో నా రెండు డబ్బాల మాస్కు

హైదరాబాద్‌లో కిచెన్ ప్లాట్‌ఫారాలు బిగించే పని నాది. స్లాబు కొలతకు కోయడం, సింకుకు, స్టవ్వుకు కన్నం తీయడం, అంచు గుండ్రంగా తిప్పి పాలిష్ కొట్టడం. పద్దెనిమిదేళ్ల సర్వీసులో మొదటి పద్నాలుగేళ్లు ముక్కుకు దస్తీయే. నాకు పని నేర్పిన మేస్త్రీ టీబీ అనుకుని రెండు విడతలు మందులు మింగాడు. ఆఖరికి అది రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ అని తేలింది. పాడైన ఊపిరితిత్తిని మళ్లీ బాగుచేసే మందు దానికి లేదు. ఆ వారమే నేను ఈ మాస్కు కొన్నాను. కంపెనీ పేరు రాయను, ఈ రకానివన్నీ ఇంచుమించు ఒకే తీరు.

ముక్కూ నోరూ గదవా కప్పే మెత్తటి సిలికాన్ తొడుగు, రెండు పక్కలా తిప్పి బిగించే గులాబీ రంగు ఫిల్టర్లు, మధ్యలో ఊపిరి బయటికి పోయే వాల్వు. అంతే. ఫిల్టర్లు పీ100 రకం, అంటే 0.3 మైక్రాన్ల నలుసుల్ని కూడా 99.97 శాతం ఆపుతాయి. కరోనాలో అందరం పెట్టుకున్న ఎన్95 అయితే 95 శాతం. నాకు మాస్కు 1,700 పడింది, ఫిల్టర్ల జత 750.

లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, మొదటి ఏడాది నేను దీన్ని వాడిందంతా దండగ. అప్పుడు నాకు గడ్డం ఉండేది. ఒకరోజు మణికొండలో సైటు ముగించి, మాస్కు తీసి బండి అద్దంలో చూసుకుంటే ముక్కు పక్క నుంచి దవడ దాకా సన్నటి తెల్ల గీత. వేలితో విభూతి రాసుకున్నట్టు. మాస్కు లోపల కూడా సరిగ్గా ఆ దారిలోనే పొడి. ఫిల్టర్ చేయాల్సిన పని అది చేసింది, దుమ్ము మాత్రం వెంట్రుకల సందులోంచి లోపలికి నడిచొచ్చింది. ఆ రాత్రే గడ్డం తీసేశాను. మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

అప్పట్నుంచి పెట్టుకున్న ప్రతిసారీ, చాయ్ తాగొచ్చి మళ్లీ తగిలించుకున్నా సరే, రెండు పనులు చేస్తా. అరచేయి వాల్వుకు అడ్డం పెట్టి మెల్లగా ఊదితే మాస్కు కొంచెం ఉబ్బాలి, పక్కల నుంచి గాలి పోకూడదు. తర్వాత రెండు ఫిల్టర్లూ మూసి పీలిస్తే ముఖానికి అతుక్కుని అలాగే ఆగాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇంకో పరీక్ష ఉంటుంది. మాస్కు పెట్టుకున్న మనిషి తలకు సంచి లాంటిది తొడిగి లోపల చేదు మందు తుంపర కొడతారు. నాలుకకు చేదు తగిలిందా, ఆ మాస్కు ఆ ముఖానికి పనికిరాదు. మన సైటుకొచ్చి అది ఎవరు చేస్తారు?

ఇబ్బందులూ చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో లోపల చెమట చేరి వాల్వు నుంచి చొక్కా మీద చుక్కలు పడుతుంటాయి. మాట బయటికి రాదు, అన్నీ సైగలే. ఏడాదిన్నరకు పట్టీలు సాగిపోయాయి. అన్నిటికంటే చిరాకు వాల్వు లోపలి పల్చటి రబ్బరు పొర. దాని కింద చిన్న నలుసు ఇరుక్కున్నా మూత పడదు. అందుకే రోజూ ఫిల్టర్లు విప్పి పక్కన పెట్టి, తొడుగును సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టి పాత స్టీలు టిఫిన్ డబ్బాలో దాస్తాను. ఫిల్టర్‌ను మాత్రం కడగొద్దు, దులపొద్దు. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకసారి తెలివిగా బ్లోయర్ పెట్టి ఊదాడు. ఆ జత అటే చెత్తబుట్టలోకి. ఊపిరి పీల్చడం బరువైతే కొత్తవి వేయడమే, నాకు రెండు నెలలకో జత అవుతోంది.

జాయింట్లకు వాడే రెసిన్ జిగురు వాసన దీనికి ఆగదు. అది ఆవిరి, దానికి బొగ్గు నింపిన డబ్బాలు వేరే ఉంటాయి.

మాస్కు ఉంది కదా అని నీళ్లు లేకుండా పొడిగా కోసే ధైర్యం వచ్చిందా, అదే అసలు ప్రమాదం. ఇప్పుడు ఓనర్లంతా అడిగే తెల్ల క్వార్ట్జ్ స్లాబు క్వారీలో దొరికే రాయి కాదు, క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో కలిపి పోసింది. అందులో సిలికా, అంటే సిలికోసిస్ తెచ్చే ఖనిజం, 90 శాతం పైనే ఉండొచ్చు. చీమకుర్తి నల్ల గెలాక్సీ బజార్లో గ్రానైట్ గానీ శాస్త్రం లెక్కలో గాబ్రో అనే వేరే రాతి జాతి, అందులో ఆ బాధ చాలా తక్కువ. ఆస్ట్రేలియా అయితే 2024 జూలై 1 నుంచి క్వార్ట్జ్ స్లాబుల వాడకాన్నే నిషేధించింది. నేను బ్లేడు మీద నీళ్లు పడకుండా క్వార్ట్జ్ ముట్టను. "కొత్త ఫ్లోరింగ్, బురద చేయకండి" అన్న ఓనర్లు ఇద్దరు పని వేరేవాళ్లకిచ్చారు. ఇచ్చుకోనీ.

కోత అయిపోయింది కదా అని మాస్కు తీసి చీపురు పట్టడం మేమందరం చేసిన తప్పే. కోసేటప్పటి కంటే ఊడ్చేటప్పుడు లేచేదే ఎక్కువనిపిస్తుంది నాకు. ముందు నీళ్లు చల్లి ఊడుస్తాం, మాస్కు చివర్లో తీస్తాం.

పోయిన వానాకాలం ఓ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చి, "మేస్త్రీ, నీ మాస్కు పావుగంట ఇయ్యరాదు, సెప్టిక్ ట్యాంకుల దిగాలె" అన్నాడు. ఇవ్వలేదు. ఇది ఉన్న గాలిని వడకడుతుంది తప్ప లేని ఆక్సిజన్‌ను పుట్టించదు, అక్కడి విషవాయువుల్ని ఆపదు. పిసినారోణ్ణని తిట్టుకుంటూ పోయి సెక్రటరీకి చెప్పాడు. ఆయన లారీ పిలిపించి పైనుంచే గుంజించాడు.

మా కుర్రాడికి మీడియం సైజు వదులు. పోయిన నెల స్మాల్ తెప్పించాను. "అన్నా, ఇది పెట్టుకుంటే ఏనుగులెక్క కనిపిస్తున్న" అంటాడు గానీ, నున్నగా గీసుకునే వస్తున్నాడు.