గేర్‌బాక్సుకు ఏ నానో పొడి మేలు: మోలీయా, బోరాన్ నైట్రైడా?

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో చిన్న యూనిట్లు నడిపే మన తెలుగువారికి నానో కణాలు (కంటికి కనిపించనంత సన్నటి పొడి) కలిపిన కందెనలను ఎవరైనా అమ్మజూపితే, సాధారణంగా రెండు పేర్లు ముందుకొస్తాయి. ఒకటి మోలీ అని పిలిచే మాలిబ్డినం డైసల్ఫైడు, రెండోది తెల్లటి బోరాన్ నైట్రైడు. రెండింటి నిర్మాణమూ పొరలు పొరలుగా ఉంటుంది. తమలపాకుల కట్టను అరచేత్తో పక్కకు నొక్కితే ఆకులు ఒకదానిపై ఒకటి జారినట్టు, లోహపు తలాల మధ్య నలిగినప్పుడు ఈ పొరలు జారి ఘర్షణను తగ్గిస్తాయి. నూనె పొర నిండుగా ఉన్నంతసేపు వీటికి పెద్దగా పని ఉండదు. యంత్రం మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు, నెమ్మదిగా తిరుగుతూ పెద్ద బరువు మోసేటప్పుడు నూనె పలచబడి లోహం లోహాన్ని తాకబోతుంది. వీటి అవసరం అప్పుడే.

గేర్‌బాక్సులా పెద్ద బరువు మోసేచోట నా ఓటు మోలీకే. అందులోని గంధకం ఉక్కును గట్టిగా అంటిపెట్టుకుని పలుచని రక్షణ పొర కడుతుంది. కార్ల ముందు చక్రాలను తిప్పే సి.వి. జాయింట్లలో మోలీ గ్రీజు వాడకం స్థిరపడడానికి ఇదే కారణం.

వేడి దగ్గర లెక్క మారుతుంది. గాలి తగిలేచోట మోలీ సుమారు 350–400 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆక్సీకరణం చెంది తన గుణం కోల్పోతుంది. బోరాన్ నైట్రైడు దాదాపు 900 డిగ్రీల వరకు నిలుస్తుంది. పెయింట్ ఆరబెట్టే ఓవెన్‌లో వస్తువులను మోసే గొలుసుకు అంత వేడి ఉండదు కాబట్టి అక్కడ రెండూ నిలుస్తాయి. అయినా నేను బోరాన్ నైట్రైడునే ఎంచుకుంటాను, ఎందుకంటే మోలీ నల్లటి చుక్క ఒక్కటి రాలినా కొత్త రంగు పాడవుతుంది. పైగా చెన్నై సముద్రపు గాలిలోని తేమ, నూనె కప్పని మోలీ పూతను క్రమంగా దెబ్బతీస్తుంది. గ్రాఫైటు ఇందుకు విరుద్ధం. జారడానికి దానికి కొంత తేమ కావాలి, శూన్యంలో అది సరిగా పనిచేయదు.

అయితే ఏ పొడి అన్నదానికంటే, అది నూనెలో విడివిడిగా తేలుతూ ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను. నూనెలో కణం కిందికి దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 నానోమీటర్ల కణాలు ఒకదానికొకటి అంటుకుని 500 నానోమీటర్ల ముద్దగా మారితే, ఆ ముద్ద సుమారు 100 రెట్లు త్వరగా అడుగుకు చేరుతుంది. మోలీ సాంద్రత నీటికి 5 రెట్లు, బోరాన్ నైట్రైడుది 2 రెట్లకు కాస్త ఎక్కువ కాబట్టి, ఒకే పరిమాణంలో మోలీయే ముందు అడుగున పేరుకుంటుంది. విడి కణాలు ఫిల్టరును సులువుగా దాటుతాయి, ముద్దలు దాన్ని పూడ్చేస్తాయి. అందుకే తయారీలో ఓలియిక్ ఆమ్లం వంటి పూతతో కణాలను విడదీసి ఉంచుతారు. పొడి విడిగా కొని డ్రమ్ములో కలిపితే ఈ పని జరగదు. మోతాదు పెంచినా లాభం లేదు. సాధారణంగా బరువులో 1 శాతం లోపే మేలు కనిపిస్తుంది, ఒక హద్దు దాటాక ముద్దల వల్ల అరుగుదల మళ్లీ పెరుగుతుంది.

1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రెషెఫ్ టెన్నె బృందం వెలుగులోకి తెచ్చిన టంగ్‌స్టన్ డైసల్ఫైడు గుండ్రటి కణాలు కూడా మంచివే, కానీ వాటి సాంద్రత నీటికి 7 రెట్లు దాటుతుంది కాబట్టి అవి ఇంకా త్వరగా అడుగుకు చేరతాయి.

కొనేముందు అమ్మకందారును నాలుగు బంతుల పరీక్ష ఫలితం అడగండి. 392 న్యూటన్ల బరువుతో, 75 డిగ్రీల వద్ద, నిమిషానికి 1200 చుట్ల వేగంతో గంటసేపు పై బంతి తిరిగాక కింది మూడు బంతులపై పడిన అరుగు మచ్చ వ్యాసమే ఆ ఫలితం. పొడి కలపని అదే నూనె ఫలితం పక్కన లేకుంటే ఆ అంకెకు అర్థం లేదు.

మోటార్ సైకిల్ ఇంజనులో మాత్రం ఈ రెండింటిలో ఏదీ పోయవద్దు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు అదే ఇంజన్ ఆయిల్‌లో మునిగి, ఘర్షణతోనే పట్టు నిలుపుకుంటాయి. ఘర్షణ తగ్గితే క్లచ్ జారుతుంది. అక్కడ డబ్బాపై జాసో ఎంఏ (నూనెలో మునిగే క్లచ్ ఉన్న బైకులకు తగిన నూనె అని తెలిపే జపాన్ ప్రమాణం) అని ఉన్న మామూలు నూనె చాలు.