‘టీఎస్‌ఏ అప్రూవ్డ్’ అని రాసిన గన్ కేస్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

అమెరికాలో ఉంటూ పిస్టల్‌తో విమాన ప్రయాణం చేసే మనవాళ్లకు ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ‘టీఎస్‌ఏ అప్రూవ్డ్’ అని పెద్దక్షరాలు వేసి అమ్ముతున్న చవక ప్లాస్టిక్ గన్ కేసుల మీద డబ్బు పెట్టకండి. టీఎస్‌ఏ అంటే అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే ప్రభుత్వ భద్రతా సంస్థ. ఫలానా కంపెనీ పెట్టె మంచిదని అది ఎవరికీ ఆమోదముద్ర వేయదు. నిబంధన మాత్రమే చెబుతుంది: తుపాకీలో తూటా ఉండకూడదు, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి, చెక్-ఇన్ కౌంటర్‌లో ఉన్నదున్నట్టు చెప్పి అప్పగించాలి. తాళం వేశాక ఆ పెట్టె సులువుగా తెరుచుకోకూడదు.

నేను కొన్నది సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టింది. డాలస్ నుంచి ఫీనిక్స్‌కు షూటింగ్ పోటీకి బయల్దేరాను. పెట్టెతో పాటు వాళ్లిచ్చిన తాళంకప్ప ఒక్కటే, అది పడేది మధ్యలో. కౌంటర్‌లో ఉన్నావిడ మూలన వేలుపెట్టి పైకి లాగితే మూత అరటిదొన్నెలా వంగింది, లోపల పిస్టల్ కనిపించింది. ఆమె మర్యాదగానే చెప్పింది, ఇది ఎక్కదని. ఆమెను నేనేమీ అనను, ఆమె చేసింది ముమ్మాటికీ సరైన పని. నన్ను దింపడానికొచ్చిన మా ఆవిడ ఇంకా దారిలోనే ఉంది కాబట్టి వెనక్కి పిలిచి పిస్టల్ ఇంటికి చేర్చగలిగాం. టికెట్ డబ్బులూ పోయాయి, పోటీ ఫీజూ పోయింది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: తాళం వేసి వాడిన వస్తువు వాపసు తీసుకోం, పైగా అది ‘రేంజ్ వాడకానికి’ (అంటే షూటింగ్ ప్రాక్టీసు చేసే చోటికి తీసుకెళ్లడానికి) మాత్రమే. ఆ ముక్క ప్రకటనలో ఎక్కడా లేదు, పెట్టెలో వచ్చిన కాగితం వెనక చీమతలంత అక్షరాల్లో ఉంది. ఇది మోసం కాక మరేమిటి?

ఇంకో రెండు సంగతులకు నాకు ఒళ్లు మండింది. మూత మీద పిస్టల్ బొమ్మ ఉబ్బెత్తుగా అచ్చు వేశారు. సామాను మీద బయటకు ‘ఇందులో తుపాకీ ఉంది’ అని తెలిసేలా ట్యాగు వేయకూడదని ఎయిర్‌లైన్లను ఫెడరల్ చట్టమే కట్టడి చేస్తుంది, దొంగల కళ్లు పడకూడదని. వీళ్లేమో బొమ్మ గీసి మరీ దొంగను పిలుస్తున్నారు. రెండోది, టీఎస్‌ఏ సిబ్బంది దగ్గరుండే మాస్టర్ తాళంచెవితో తెరుచుకునే రకం కప్ప ఇచ్చారు. ఆ మాస్టర్ చెవుల ఫొటోలు బయటికి పొక్కి, 2015లోనే జనం 3డీ ప్రింటర్ల మీద వాటిని తయారు చేసుకున్నారు. తుపాకీ పెట్టెకు ఆ కప్పలు వాడటం నిషేధం కాదు. కానీ తాళంచెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలన్నది అసలు నియమం. మామూలు గట్టి కప్పలు కొనండి, ఎన్ని రంధ్రాలుంటే అన్నిటికీ వేయండి. తర్వాత నాలుగు మూలలూ లాగి చూడండి. వేలు దూరితే ఆ పెట్టె పనికిరాదు. తుపాకీతో పాటు కొత్తప్పుడు వచ్చే డబ్బా కూడా చాలాసార్లు ఈ పరీక్షకు నిలబడదు.

‘50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది’ అని కూడా రాశారు, అది మరీ ప్రమాదకరమైన మాట. పెట్టె ఎంత గట్టిదైనా రాష్ట్రాల చట్టాలు మారవు. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయన న్యూజెర్సీలోని నెవార్క్‌లో కనెక్షన్ తప్పి, సామాను తీసుకుని హోటల్లో రాత్రి ఉన్నాడు. మర్నాడు పద్ధతి ప్రకారం కౌంటర్‌లో తుపాకీ సంగతి చెబితే అరెస్టు చేశారు. తర్వాత ఆరోపణలు ఎత్తేశారు గానీ, ఆయన వేసిన దావాలో 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆయనకు వ్యతిరేకంగానే తేల్చింది: హోటల్లో తుపాకీ చేతికందేలా ఉంది కాబట్టి తుపాకీతో రాష్ట్రాలు దాటే ప్రయాణికులకు ఫెడరల్ చట్టం ఇచ్చే రక్షణ వర్తించదని. న్యూజెర్సీ, న్యూయార్క్ మీదుగా కనెక్షన్ ఉంటే దయచేసి మరో దారి చూసుకోండి.

హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పెట్టెల జోలికే రావద్దు. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, మీ దగ్గర తుపాకీ గానీ ఒక్క తూటా గానీ ఉండటమే ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. ఇక రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగునే సర్దుకుని ఇండియా వెళ్లేవాళ్లకు చెబుతున్నాను: అడుగున మరిచిపోయిన ఒక్క తూటా ఎక్స్‌రేలో కనపడినా ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. తెలియక వచ్చిందని కోర్టులో తేలేదాకా తిరుగుతూనే ఉండాలి. ఊరికి వెళ్లడానికి వేరే బ్యాగు పెట్టుకోండి.

నేను కార్డు కంపెనీకి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. ఇప్పటికే ఆర్డరు పెట్టినవాళ్లుంటే, పార్సిల్ రాగానే తాళం వేయకముందే మూత మూలలు వీడియో తీసి, వాపసు గడువు దాటకముందే తిరిగి పంపేయండి. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ ఈరోజే తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన మర్నాడే వాళ్లు ‘అప్రూవ్డ్’ అనే మాట తీసేసి, ‘కంప్లయంట్’ (నిబంధనలకు తగ్గది) అని మార్చారు.