డి ఆంజా కాలేజీలో నా నాలుగు క్వార్టర్లు

కాలిఫోర్నియాలో క్యుపర్టినోలోని డి ఆంజా కాలేజీలో చేరాలా వద్దా అని ఈ మధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడిగేది దాదాపు అందరూ నాలాంటివాళ్ళే. భర్త హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉంటే తాము హెచ్-4 (వాళ్ళ భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద వచ్చి, పిల్లలు బడికి వెళ్ళాక పగలంతా ఏం చేయాలో తోచక, డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో భద్రంగా దాచుకున్నవాళ్ళు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పడం కన్నా వివరంగా రాస్తే నయమనిపించింది. పాఠాలు ఎలా చెబుతారన్నది లెక్చరర్‌ని బట్టి మారుతుంది, దాని గురించి పెద్దగా చెప్పను. క్లాసు బయట విద్యార్థిని ఎలా చూసుకుంటారన్నదే నేను చెప్పాలనుకున్నది.

నాది అమలాపురం. బీకాం అక్కడే చదివాను. పెళ్ళయ్యాక మొదట వేరే రాష్ట్రంలో ఉండేవాళ్ళం. అక్కడి ఒక కాలేజీలో (పేరు రాయను) చేరడానికి వెళితే, ఎదురుగా కూర్చున్నావిడ నా సర్టిఫికెట్లు తెరిచి చూడకుండానే నన్ను ఇంగ్లీషు మొదటి మెట్టు క్లాసులో వేసింది. నేను డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివానని చెప్పాల్సింది. చెప్పలేదు. పెద్దావిడ, ఆవిడకి తెలియదా అనుకుని ఊరుకున్నాను. ఒక సెమిస్టరు పోయింది, కట్టిన ఫీజూ పోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు మళ్ళీ ఏ కాలేజీ గడపా తొక్కలేదు. నా మొహమాటం నాకెంత ఖర్చు తెచ్చిందో తెలిసింది కాబట్టే, డి ఆంజాలో ముందుగా నేను గమనించింది అక్కడ ప్రశ్న అడిగినవాళ్ళని ఎలా చూస్తారన్నది.

ముందు డబ్బు సంగతి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలు (ముఖ్యంగా రెండేళ్ళ చదువులు చెప్పేవి) 116 ఉన్నాయి. వీటిలో చేరడానికి ప్రవేశ పరీక్ష లేదు, వయసు అడ్డం రాదు. వాటిలో ఒకటైన డి ఆంజా 1967 నుంచి ఉంది. ఇక్కడ ఒక టర్మ్‌ని క్వార్టర్ అంటారు, కోర్సు ఎంత పెద్దదన్నది యూనిట్లలో లెక్కేస్తారు. రాష్ట్ర నివాసులకి ఫీజు క్వార్టర్ యూనిట్‌కి 31 డాలర్లు. అంటే 5 యూనిట్ల అకౌంటింగ్ కోర్సుకి 155 డాలర్లు, పైన చిన్నచిన్న ఫీజులు. హెచ్-4 వాళ్ళు చదువుకోవడానికి స్టూడెంట్ వీసాకి మారనక్కర్లేదు. ఏడాదికి పైగా ఇక్కడే స్థిరంగా ఉంటున్నామని కాగితాలు చూపిస్తే నివాసుల ఫీజే కట్టవచ్చు. చూపించకపోతే ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. కాబట్టి అప్లికేషన్‌లో ఆ భాగాన్ని తొందరపడి నింపవద్దు.

ఇక కౌన్సెలర్లు. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు, సీటు, ఆ రోజు ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇక్కడ కౌన్సెలర్ అంటే మీరు ఏం చదవాలి, ఏది ముందు, ఏది తర్వాత అని మీతో కూర్చుని కాగితం మీద వేసి ఇచ్చే మనిషి. నన్ను చూసినావిడ మొదటి పది నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోలేదు. ఎందుకు చదవాలనుకుంటున్నావు, ఇంట్లో ఎవరెవరున్నారు, రోజుకి ఎన్ని గంటలు దొరుకుతాయి అని అడిగింది. సీపీఏ (మన సీఏ లాంటిది) వైపు వెళ్ళాలని ఉందని చెప్పాక, మొదటి క్వార్టర్‌లో ఒక్క కోర్సే తీసుకోమంది. నేను మూడు తీసుకుందామనుకుని వెళ్ళాను. ఆవిడ మాట వినడం నా అదృష్టం. ఒక సలహా: క్వార్టర్ మొదటి వారంలో అందరూ ఒక్కసారే వస్తారు, అప్పుడు వెళ్ళవద్దు. నాలుగో వారంలోనో అయిదో వారంలోనో వెళ్ళండి, తీరిగ్గా మాట్లాడతారు.

అకౌంటింగ్ నాకు పాత స్నేహితురాలు లాంటిది, ఇబ్బంది లేకుండా గడిచింది. స్టాటిస్టిక్స్ దగ్గరే కాళ్ళు వణికాయి. డిగ్రీ తర్వాత పధ్నాలుగేళ్ళు లెక్కల పుస్తకం తెరవలేదు మరి. అప్పుడు కౌన్సెలరే మ్యాథ్ పెర్ఫార్మెన్స్ సక్సెస్ అనే కార్యక్రమం గురించి చెప్పింది. అక్కడ అందరూ ఎంపీఎస్ అంటారు. మామూలు క్లాసు కన్నా ఎక్కువ గంటలు ఉంటుంది. క్లాసులోనే ట్యూటర్లు తిరుగుతుంటారు. ఆ క్లాసుకంటూ ఒక కౌన్సెలర్ కూడా ఉంటారు. లెక్క రాకపోవడం వెనక ఒక్కోసారి లెక్క కాని కారణం ఉంటుందని తెలిసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు ఇది. నా పక్కన కూర్చునే కుర్రాడు రాత్రంతా గోడౌన్‌లో పనిచేసి నేరుగా క్లాసుకి వచ్చేవాడు. రెండు వారాలు వరసగా హోంవర్క్ ఇవ్వకపోతే ఆ కౌన్సెలర్ అతన్ని బయటికి తీసుకెళ్ళి అరగంట మాట్లాడింది. ఆ క్వార్టర్ అతను పాసయ్యాడు, నాకది నా మార్కులంత సంతోషం.

క్లాసు కాక ట్యూటరింగ్ గది వేరే ఉంది. అమెరికాలో ట్యూషన్ అంటే ఫీజు, మనం ట్యూషన్ అనేదాన్ని వాళ్ళు ట్యూటరింగ్ అంటారు. కాలేజీలో చేరినవాళ్ళకి అది ఉచితం. నేను మొదటిసారి వెళ్ళిన రోజు బాగా గుర్తుంది. పీ-వాల్యూ లెక్కలో 0.03 వచ్చింది. వచ్చిన అంకె సరైనదే. దాంతో ఏం చెప్పాలో తెలియలేదు. పుస్తకంలో వాక్యం పదిసార్లు చదివాను. ట్యూటర్ పంతొమ్మిదేళ్ళుంటాయేమో, వియత్నాం కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి. నా వయసులో సగం. నా కాగితం చూశాడు కానీ పెన్ను తీసుకోలేదు. "ఈ లెక్కని మీకు బాగా తెలిసిన వస్తువుతో మార్చి చెప్పండి" అన్నాడు.

నాకు బాగా తెలిసింది ధాన్యం. బస్తా బొమ్మ గీశాను. మా గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. నాన్నగారి కళ్ళంలో మిల్లు మనిషి, మీ బస్తాల్లో సగటున 75 కిలోలే ఉన్నాయి అంటాడనుకుందాం. నాన్నగారు ఓ 36 బస్తాలు తూకం వేయిస్తే సగటు అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఇది ఏదో యాదృచ్ఛికంగా జరిగిందా, నిజంగానే ధాన్యం ఎక్కువుందా? అక్కడిదాకా చెప్పి ఆగాను. ఆ అబ్బాయి ఎదురు చూశాడు. ఎంతసేపు ఆగాడో చెప్పలేను, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. నెమ్మదిగా నా నోటి నుంచే వచ్చింది: మిల్లు మనిషి మాటే నిజమైతే, ఇంత గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ సగటు రావడానికి నూటికి మూడు పాళ్ళే అవకాశం. అంటే అతని మాట నమ్మడం కష్టం. అబ్బాయి బల్ల మీద చెయ్యి వేసి, "అంతే, అయిపోయింది" అన్నాడు. తర్వాత బస్తా అనే మాట ఎలా పలకాలో అడిగి రెండుసార్లు పలికాడు.

జవాబు తనే చెప్పేసి ఉంటే రెండు నిమిషాల్లో పంపేసేవాడు. చెప్పకుండా ఆగడం చేతకావాలి. ఆ తర్వాత వారానికి రెండు రోజులు వెళ్ళేదాన్ని. వేరే ట్యూటర్లు కూడా కూర్చున్నారు, అందరూ ఒకేలా ఓపికగా లేరు గానీ పెన్ను లాక్కున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు చెప్పేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ చలికాలం క్వార్టర్ మధ్యలో మావారి ఉద్యోగం పోయింది. హెచ్-1బి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 60 రోజుల్లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. ఆయన వీసా మీదే నాది, పిల్లవాడిది ఆధారపడి ఉన్నాయి. అద్దె మాత్రం ఒకటో తారీకుకి ఠంచనుగా కట్టాలి. ఇంట్లో ప్రతి డాలరూ లెక్కపెట్టడం మొదలుపెట్టాం. కోర్సు మానేద్దామని ఎంపీఎస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మాట పూర్తిగా విని, రికార్డులో పేరు ఎక్కకుండా మానేసే గడువు దాటిపోయిందని, ఇప్పుడు మానేస్తే 'డబ్ల్యూ' (మధ్యలో మానేశారన్న గుర్తు) పడుతుందని, ఫీజు ఎలాగూ కట్టేశావు కాబట్టి ఉండి రాయమని చెప్పింది. తర్వాత, "మన కాలేజీ ఫుడ్ ప్యాంట్రీ చూశావా?" అని అడిగింది. అంటే విద్యార్థులకి ఉచితంగా సరుకులిచ్చే గది.

చూశాను. దాని ముందు నుంచి రోజూ నడిచేదాన్ని. అది నాకోసం కాదు అనుకునేదాన్ని. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిది లంకల గన్నవరం, మా అమ్మమ్మగారి ఊరికి దగ్గరే. ఆవిడ కథలు వింటూ పెరిగాను. పెట్టే చెయ్యి గురించే విన్నాను, చాచే చెయ్యి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను.

లోపల స్టూడెంట్ నంబరు అడిగారు. భర్త జీతం అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. చిన్న కిరాణా కొట్టులా అరలున్నాయి. మనమే తిరిగి కావలసినవి తీసుకోవాలి. బియ్యం, చిక్కుడు గింజల డబ్బాలు, క్యారట్లు, గుడ్లు తీసుకున్నాను. మేం గుడ్డు తప్ప మాంసం తినం. ఒకమ్మాయి అది గమనించి, ఎర్ర కందిపప్పు లోపల ఇంకో అరలో ఉందని చూపించింది. నా వెనక వరసలో బ్యాగు మోసుకుంటూ నా అకౌంటింగ్ క్లాసు కుర్రాడు నిలబడి ఉన్నాడు. మామూలుగా హలో చెప్పి, మిడ్‌టర్మ్‌లో నాలుగో ప్రశ్నకి నీకేం వచ్చింది అని అడిగాడు. అక్కడే నిలబడి ఆ లెక్క మాట్లాడుకున్నాం. ఇంటికి వచ్చి పప్పు వండాను. యాభై మూడో రోజున మావారికి ఆఫర్ వచ్చింది. అప్పటిదాకా వారానికోసారి వెళ్ళాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. విద్యార్థుల ఫీజులోనే వీటీఏ (ఇక్కడి కౌంటీ రవాణా సంస్థ) బస్సు పాస్ కలిసి ఉంటుంది, క్లిప్పర్ అనే ప్రయాణ కార్డు మీద వాడుకోవచ్చు. కారు ఒకటే ఉన్న ఇంటికి ఇది చాలా పెద్ద సాయం. పాఠ్యపుస్తకాలు కొనే ముందు, కోర్సుల జాబితాలో పుస్తకం ఖర్చు లేని సెక్షన్లు ఏవో చూడండి, లైబ్రరీలో రిజర్వులో (కొద్దిసేపు తీసుకుని చదువుకోవడానికి విడిగా ఉంచే పుస్తకాల్లో) ఉందేమో కూడా అడగండి. మనసు బాగా లేనప్పుడు మాట్లాడటానికి సైకలాజికల్ సర్వీసెస్ ఉంది. చేరినవాళ్ళకి డబ్బు తీసుకోరు. ఆ అరవై రోజుల్లో నేను రెండుసార్లు వెళ్ళాను, దాని గురించి సిగ్గుపడటం మానేశాను. ప్రతి క్వార్టర్‌లో ఒక రోజు క్లబ్ డే ఉంటుంది, విద్యార్థుల క్లబ్బులవాళ్ళు మెయిన్ క్వాడ్ (కాలేజీ మధ్యలోని ఆవరణ) అంతా బల్లలు వేస్తారు. పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య నేనేంటి అని దూరంగా వెళ్ళకండి. అక్కడ తెల్ల జుట్టువాళ్ళు కూడా కనిపిస్తారు.

ఒక్క జాగ్రత్త. ఇక్కడ నడిచేది క్వార్టర్ పద్ధతి. పరీక్షలతో కలిపి దాదాపు 12 వారాల్లో అంతా అయిపోతుంది. జ్వరం వచ్చి వారం పోతే దాన్ని అందుకోవడం నిజంగా కష్టం. చిన్న పిల్లలున్నవాళ్ళు మొదట ఒక్క కోర్సుతోనే మొదలుపెట్టండి. హైస్కూల్ అయిపోయిన పిల్లల కోసం అడిగేవాళ్ళకి ఇంకో మాట: ఇక్కడ రెండేళ్ళు చదివి యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి) వెళ్ళాలంటే, షరతులు పూర్తిచేసినవాళ్ళకి సీటు హామీ ఇచ్చే ట్యాగ్ అనే ఒప్పందం ఉంది. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకి మాత్రమే. బర్కిలీ, లాస్ ఏంజెలెస్ అందులో లేవు. దరఖాస్తు సెప్టెంబరు నెలలోనే వేయాలి. మా బావగారి అమ్మాయి ఆగస్టులోనే ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌ని కలిసి అన్నీ సరిచూసుకుంది. మీరూ అలాగే చేయండి.

మా పై అంతస్తులో ఉండే చెల్లాయిది గుంటూరు, తనూ బీకామే. చేరాలని ఉంది గానీ అక్కడికెళ్ళి ఏం మాట్లాడాలో తెలియదక్కా అంటోంది. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు), ఇంటి లీజు, కిందటేడాది ట్యాక్స్ కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు ఒక ఫైల్లో పెట్టుకోమని చెప్పాను. అడగాల్సిన ప్రశ్నలు ఆరు, తనే తెలుగులో రాసుకుంది. సోమవారం తొమ్మిదింటికి స్టీవెన్స్ క్రీక్ మీద 23వ నంబరు బస్సెక్కి ఇద్దరం వెళుతున్నాం. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. లోపలికి తనొక్కతే వెళుతుంది.