అయిదు సీజన్లు వాడిన టైర్ వార్మర్లు: వేడి కన్నా ప్రెషర్ లెక్కకే ఎక్కువ అక్కరకొచ్చాయి

క్లబ్ స్థాయి రేసుల్లో 600 సీసీ బైకు నడిపే నేను అయిదు సీజన్లుగా ఒకే జత టైర్ వార్మర్లను వాడుతున్నాను. ముందు 120/70, వెనక 180/60 కొలతల స్లిక్ టైర్లకు (గాడులు లేని నున్నటి రేసు టైర్లు) సరిపడే జత ఇది. వేడిని తగ్గించుకోవడానికో పెంచుకోవడానికో మీట ఉండదు. 80 డిగ్రీల దగ్గర దానంతటదే నిలబడుతుంది. ఒక్కో వార్మర్ తీగ మీద ఉన్న చిన్న లైటు వేడెక్కుతున్నంతసేపు వెలిగి, 80 చేరగానే ఆరిపోతుంది, కాస్త చల్లబడితే మళ్లీ వెలుగుతుంది. కొన్న మొదటి నెలలోనే ఈ సమీక్ష రాసి ఉంటే మొదటి ల్యాప్ నుంచే మలుపుల్లో ధైర్యంగా వంగవచ్చని రాసి ముగించేవాడిని. అది అబద్ధం కాదు గానీ, వీటి విలువలో అది చిన్న భాగమేనని, టైరు ప్రెషర్‌ను ప్రతిసారీ ఒకే స్థితిలో కొలిచే వీలు కల్పించడమే వీటి అసలు ఉపయోగమని నాకు తెలిసిరావడానికి ఏడాదిన్నర పట్టింది.

వీటిని చూడనివారి కోసం ఒక మాట. టైర్ వార్మర్ అంటే లోపల వేడెక్కే తీగను కుట్టిన పొడవాటి దుప్పటి వంటిది. బైకును ముందూ వెనకా స్టాండ్ల మీద ఎత్తి, దాన్ని చక్రం చుట్టూ చుట్టి, వెల్క్రోతో బిగించి ప్లగ్గు పెడతాము. స్లిక్ టైరు రబ్బరు వేడి మీదే పట్టు ఇస్తుంది. చల్లగా ఉన్నప్పుడు దాన్ని వంచితే రోడ్డు టైరుపాటి పట్టు కూడా ఇవ్వదు. ఎనిమిది ల్యాపుల రేసులో రెండు ల్యాపులు టైరును వేడెక్కించడానికే పోతే మిగిలేది ఆరు.

రేసు రోజున ట్రాక్ దగ్గర నా గడియారమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. ఉదయం బైకును దించగానే ముందు తనిఖీకి తోసుకెళ్తాను. అక్కడ ఆయిల్ ప్లగ్గుకు కట్టిన సేఫ్టీ వైరు, బ్రేక్ లీవరు గార్డు, హెల్మెట్, తోలు సూటు వంటివి చూసి, ఇంజిను కింది తొడుగు (ఫెయిరింగ్) కారిన ఆయిల్‌ను పట్టి ఉంచగలదో లేదో పరీక్షించి స్టిక్కరు అంటిస్తారు. అది పూర్తయి బైకు స్టాండ్ల మీదికి ఎక్కిన క్షణం నుంచి నా మొదటి ప్రాక్టీసుకు కనీసం గంట మిగలాలి. గంట ఎందుకంటే, లైటు ఆరిపోయేది పావుగంటకో ఇరవై నిమిషాలకో అయినా, అప్పటికి వేడెక్కింది టైరు పైపొర మాత్రమే. లోపలి పొరలు, వాటిని పట్టుకుని ఉన్న లోహపు రిమ్, వాటి మధ్యనున్న గాలి ఇంకా పొద్దుటి చలిలోనే ఉంటాయి. నేను లైటును నమ్మడం మానేసి చాలా కాలమైంది. వార్మర్ అంచు కింద నుంచి వేలు పోనిచ్చి రిమ్‌ను తాకుతాను. ఆ లోహం వేలికి స్పష్టంగా వెచ్చగా తగిలితేనే టైరు తయారైనట్టు లెక్క.

ఈ తేడా ప్రెషర్ దగ్గర బయటపడుతుంది. మూసి ఉన్న టైరులో గాలి వేడెక్కినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర గేజు 30 పీఎస్‌ఐ చూపించిందనుకుంటే, వాతావరణ పీడనాన్ని కలిపి లెక్కగట్టినప్పుడు, లోపలి గాలి నిజంగా 80 డిగ్రీలకు చేరితే గేజు 38 చూపించాలి. వార్మర్ కింద లోపలి గాలి అంత వేడికి చేరదు కాబట్టి నా బైకు మీద పెరుగుదల అయిదారు పీఎస్‌ఐ దగ్గర ఆగుతుంది. అయితే అది ఎప్పుడు ఆగుతుందనేదే ప్రశ్న. ఇరవై నిమిషాలకు కొలిచి సరిచేస్తే గంటకు మళ్లీ రెండు పెరుగుతుంది, ట్రాక్ మీద ఇంకాస్త పెరుగుతుంది, మూడో ల్యాపుకు టైరు బెలూనులా గట్టిపడి నేలకు ఆనే భాగం తగ్గిపోతుంది.

మొదటి సీజనంతా, రెండో దానిలో సగం వరకూ నేను చేసింది సరిగ్గా ఇదే. ప్రతి రేసులో మూడో ల్యాపు దాటగానే వెనక చక్రం యాక్సిలరేటర్ తెరిచినప్పుడల్లా జారేది. నేరం సస్పెన్షన్‌దని తీర్మానించుకుని రీబౌండ్ క్లిక్కులు (అణిగిన స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని మార్చే మర) అటూ ఇటూ తిప్పాను, స్ప్రింగు ప్రీలోడ్ (ముందస్తు బిగింపు) మార్చాను, వాటినన్నిటినీ ఒక నోటుపుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాను కూడా. పాడాక్‌లో (బైకులు సిద్ధం చేసుకునే ఆవరణ) నా పక్కన ఉండే ఒక కుర్రాడు రెండు మూడు రోజులు ఇదంతా గమనించి, చివరికి ఉండబట్టలేక, "అన్నా, ముందు గడియారం చూడు, స్క్రూడ్రైవర్ తరువాత తీద్దువు గానీ" అన్నాడు. అతడు చెప్పినట్టు ఆ రోజు గంట ఆగి, వార్మర్ తీయడానికి ముందు వాల్వు దగ్గర అంచు కాస్త ఎత్తి కొలిస్తే, వెనక టైరులో నేననుకున్న దానికన్నా మూడు పీఎస్‌ఐ ఎక్కువ ఉంది. దాన్ని తగ్గించి వెళ్లాను. జారడం పూర్తిగా పోలేదు గానీ, ఎప్పుడు జారుతుందో ముందే తెలిసేటంత నెమ్మదిగా జారింది. నోటుపుస్తకంలోని క్లిక్కుల పట్టికను ఆ రాత్రి కొట్టేశాను.

అప్పటి నుంచి నేను వార్మర్ మీద కొలిచిన వేడి ప్రెషర్‌ను తప్ప దేన్నీ లెక్కలోకి తీసుకోను. నా టైర్లకు ముందు 34, వెనక 26 దగ్గర పని జరుగుతోంది. ఇది ప్రతి టైరుకూ మారే అంకె కాబట్టి ఎవరికివారు తమ టైరు తయారీదారు పట్టికనే చూసుకోవాలి. సెషను ముగించి రాగానే, హెల్మెట్ తీయకముందే మళ్లీ కొలుస్తాను. ఒకటి రెండు పీఎస్‌ఐ పెరిగితే సరే, అంతకన్నా పెరిగితే బయలుదేరేటప్పుడు టైరు లోపలిదాకా వేడెక్కలేదని అర్థం. ఇది చిన్న రేసుల వాళ్ల చాదస్తమని అనుకునేవారికి ఒక విషయం గుర్తుచేస్తాను: బైకు రేసుల్లో అత్యున్నత ప్రపంచ పోటీ అయిన మోటోజీపీలో 2023 సీజన్ మధ్య నుంచి ముందు టైరు కనీస ప్రెషర్ నియమాన్ని శిక్షలతో సహా అమలు చేస్తున్నారు. 2024లో ఆ కనీస మొత్తం 1.8 బార్, అంటే సుమారు 26 పీఎస్‌ఐ. అక్కడ ప్రెషర్ తగ్గి శిక్ష పడుతుందని భయపడితే, ఇక్కడ నేను పెరిగి పడిపోతానని భయపడుతున్నాను, అంతే తేడా.

ఇక వేడి సంగతి. వార్మర్ ఇచ్చే వేడి అప్పు వంటిది. తీసిన క్షణం నుంచే కరిగిపోతూ ఉంటుంది. దాన్ని నేను తెలుసుకున్నది కుడి మలుపులే ఎక్కువగా ఉన్న ఒక ట్రాక్ మీద, మూడో సీజన్లో. వార్మప్ ల్యాపు పూర్తిచేసి గ్రిడ్ మీద (రేసు మొదలయ్యే వరుసల్లో) నిలబడ్డాక, వెనక వరుసలో ఒక బైకు ఆయిల్ కార్చడంతో ప్రారంభం ఆపారు. దాదాపు ఏడు నిమిషాలు గాలిలో అలాగే నిలబడ్డాము. మళ్లీ ఒక వార్మప్ ల్యాపు ఇచ్చారు గానీ, ఆ ట్రాక్ మీద ఎడమ మలుపులు రెండే, అందులో ఒకటి నిజంగా వంగనవసరం లేనిది. రేసు మొదలయ్యాక మూడు కుడి మలుపుల్లో పట్టు అద్భుతంగా ఉండటంతో, టైరు వేడిగానే ఉందని మనసు తీర్మానించేసుకుంది. నాలుగోది ఎడమ మలుపు. బ్రేకు వదిలి వంగానో లేదో హ్యాండిల్ చేతుల్లో తేలికైపోయింది, ముందు చక్రం లోపలికి మడుచుకుంది, మోకాలి స్లైడరు నేలకు తగిలేలోపే నేను బైకు పక్కన గడ్డి వైపు జారిపోతున్నాను. ఎముకలకేమీ కాలేదు; ఎడమ మోచేతి దగ్గర సూటు అరిగి తెల్లబడింది, ఫుట్‌పెగ్ విరిగింది. టైరు కుడి సగాన్ని మలుపులు వేడిగా నిలబెట్టాయి, ఎడమ సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఈ పడటానికి వార్మర్ల తప్పేమీ లేదు, కానీ అవి ఉన్నాయన్న నిశ్చింత లేకపోతే ఆ మలుపులో అంత ధీమాగా వంగేవాడిని కాదన్నది మాత్రం నిజం.

వార్మర్లు లేకుండా చల్లని రేసు టైర్ల మీద బయలుదేరడం పెద్ద పెద్ద డ్రైవర్లకే కష్టమని కార్ల రేసుల్లో ఒకసారి బాగా తెలిసివచ్చింది. ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీల్లో (గంటల తరబడి సాగే కార్ల రేసులు) 2023లో వార్మర్లను నిషేధించారు, ఆ ఏడాది స్పా రేసులో చల్లని టైర్లతో కార్లు అదుపు తప్పాక, లె మాన్ రేసుకు మళ్లీ అనుమతించారు. నాలుగు చక్రాలున్నవారి పరిస్థితే అది.

అసౌకర్యాలన్నిటికీ మూలం కరెంటు. నా జత రెండూ కలిసి సుమారు ఒక కిలోవాటు తీసుకుంటుంది. పిట్ గ్యారేజీలో ప్లగ్గు దొరికిన రోజు అదృష్టమే, కానీ ఒకే లైను మీద పది మంది వార్మర్లు పెట్టినప్పుడు వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వేడి దాదాపు 19 శాతం తగ్గుతుంది, అప్పుడు గంట కాస్తా గంటన్నర అవుతుంది. అందుకని రెండో ఏడాది నుంచి చిన్న జనరేటర్ తెచ్చుకుంటున్నాను. ఒకసారి తొందరలో ఎక్స్‌టెన్షన్ తీగను అది చుట్టి ఉండే రీలు నుంచి పూర్తిగా విప్పకుండా, అవసరమైనంత మాత్రమే లాగి ప్లగ్గు పెట్టాను. చుట్టలా ఉన్న తీగకు వేడి బయటికి పోయే దారి ఉండదు. క్వాలిఫైయింగ్‌కు (రేసులో బయలుదేరే స్థానాన్ని తేల్చే రౌండు) సిద్ధమవుతుండగా ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చి చూస్తే, చుట్ట లోపలి వరుసలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాన రోజు ఇంకో తంటా: దుప్పటిలోకి నీరు దిగితే సర్క్యూట్ బ్రేకర్ పడిపోతుంది, ఆ లైను మీదున్న అందరి వార్మర్లూ ఒకేసారి ఆరిపోతాయి, అందరి చూపులూ మన వైపే తిరుగుతాయి. పైగా వాన టైర్ల మెత్తని రబ్బరుకు 80 డిగ్రీలు ఎక్కువ. వేడి తగ్గించే వీలు లేని నా జతను ఆ రోజుల్లో సంచిలోనే ఉంచేస్తాను.

మన్నిక విషయంలో మిశ్రమ అనుభవం. దుప్పటి బట్ట గట్టిది. లోపలి వైపు కరిగిన రబ్బరు అంటుకుని నల్లబడింది తప్ప ఎక్కడా చిరగలేదు. ముందు వార్మర్ అంచు మీద గోధుమరంగు అర్ధచంద్రాకారపు మచ్చ ఒకటి ఉంది. సెషను నుంచి రాగానే ఆత్రంగా చుట్టబోయి, ఇంకా కాలుతున్న బ్రేక్ డిస్కుకు తగిలించిన గుర్తు అది. వెనక దానికి చైన్ గ్రీజు మరకలు లేని భాగం లేదు. అసలు బలహీనత తీగ దుప్పటిలోకి ప్రవేశించే చోట ఉంది. నాలుగో సీజన్లో వెనక వార్మర్ అక్కడే తెగి చల్లబడిపోయింది, బాగుచేయడానికి పంపితే తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది, ఆ మధ్య రేసుకు అరువు తెచ్చుకుని వెళ్లాను. తప్పులో నా వాటా కూడా ఉంది, ఎందుకంటే అప్పటిదాకా తీగను దుప్పటి చుట్టూ బిగించి చుట్టి దాచేవాడిని. ఇప్పుడు వదులుగా వలయంలా చుట్టి విడిగా ఉంచుతున్నాను.

ఇంకొక లోపం కొన్నవారెవరూ చెప్పగా వినలేదు. దుప్పటి రెండు కొసలూ కలిసే చోట అరచేతి వెడల్పున వేడి సరిగా అందని పట్టీ మిగిలిపోతుంది. ఉష్ణోగ్రత కొలిచే గన్నుతో చూస్తే మిగతా టైరు 78, 79 చూపిస్తుండగా అక్కడ 62 మాత్రమే ఉంది. సగం సమయం గడిచాక దుప్పటిని విప్పి కొసలను టైరు అవతలి వైపుకు జరిపి చుడుతున్నాను. రెండు నిమిషాల పని.

రోడ్డు టైర్ల మీద సరదాగా ట్రాక్ డేలకు (పోటీ లేకుండా ట్రాక్ మీద నడుపుకునే రోజులు) వచ్చేవారికి ఇవి అవసరం లేదు. ఆ టైర్లు తక్కువ వేడిలోనే పనిచేసేలా తయారవుతాయి, రెండు నెమ్మదైన ల్యాపులు వాటికి చాలు. స్లిక్కుల మీదికి మారి రేసుల్లోకి దిగినవారు మాత్రం వీటిని, వీటితో పాటు ఒక మంచి గేజును, రెంటినీ ఒకే రోజున కొనుక్కోవాలి. రెండింట్లో ఒకటే కొనగలిగితే ముందు గేజు కొనమంటాను. నేను మళ్లీ కొంటే వేడి మార్చుకునే వీలున్న రకం తీసుకుంటాను. అది వచ్చేదాకా వచ్చే సీజను కూడా ఈ మచ్చల జతతోనే. వెనక దాని లైటు ఈమధ్య ఆరడం మానేసింది, అయినా రిమ్ తాకి చూసే అలవాటు ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు.