పసుపు వాకింగ్ ఐరిస్, ఆఫ్రికన్ ఐరిస్: ఏది మేలు?

వేడి వాతావరణంలో నిలదొక్కుకుని పసుపు పూలు పూసే ఐరిస్ కుటుంబపు మొక్క కావాలనుకునేవారికి ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. మొదటిది ఉష్ణమండల అమెరికాకు చెందిన ట్రైమీజియా స్టెయర్‌మార్కీ, అంటే పసుపు వాకింగ్ ఐరిస్. రెండోది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన డైటీస్ బైకలర్, అంటే ఆఫ్రికన్ ఐరిస్. చెరువు గట్లలో పెరిగే ఐరిస్ సూడకోరస్ పువ్వు కూడా పసుపుదే అయినా, అది ప్రధానంగా సమశీతోష్ణ ప్రాంతాల మొక్క. పైగా ఉత్తర అమెరికాలో నీటి వనరులను ఆక్రమించే మొక్కగా పేరుపడింది కనుక దాన్ని ఈ పోలికలో చేర్చడం లేదు.

పువ్వును చూసి మొక్కను ఎంచుకోవడం ఇక్కడ సరికాదు. ట్రైమీజియా పువ్వు ముదురు పసుపు, దాని నడుమ గోధుమ రంగు చారలుంటాయి. డైటీస్ రేకలు లేత పసుపు, వాటిలో మూడింటి మీద ముదురు మచ్చలుంటాయి. రెండూ అందమైనవే, రెండింటిలోనూ ఒక్కో పువ్వు ఇంచుమించు ఒక రోజే ఉండి వాడిపోతుంది. అసలు తేడా ఎండ, నీరు, పిలకల విషయంలో ఉంది.

ట్రైమీజియాకు ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ బాగా సరిపోతాయి. ఆకుల ఎరువు కలిసిన, తేమ నిలుపుకునే మట్టి దానికి ఇష్టం; నేల తరచుగా ఎండిపోతే ఆకుల కొనలు మాడుతాయి. అలాగని నీరు నిలిచే చోట నాటితే వేళ్లు కుళ్లుతాయి. డైటీస్ తీరు వేరు: వేళ్లూనుకున్నాక కొంత నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, తేలికపాటి మంచును కూడా భరిస్తుంది, కానీ నీడలో పూత తగ్గుతుంది. కాబట్టి రోజంతా ఎండ తగిలి, నీళ్లు పోయడం ఒక్కోసారి ఆలస్యమయ్యే చోటికి డైటీస్‌నే ఎంచుకోవాలి.

అయినా పెంచేవారికి ఎక్కువ సంతోషాన్నిచ్చేది ట్రైమీజియానే అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకు కారణం దాని పిలకలు. పూలు రాలాక కాడ మీద, పూలు పూసిన చోటే, చిన్న మొక్క మొలుస్తుంది. అది పెరిగేకొద్దీ బరువుకు కాడ వంగి నేలను తాకుతుంది, అక్కడే వేళ్లు దిగి కొత్త దుబ్బు మొదలవుతుంది. ఈ సంగతి తెలియని చాలామంది పూత అయిపోయిందని కాడను మొదలంటా కత్తిరించి, ఉచితంగా రాబోయే మొక్కలను పోగొట్టుకుంటారు. కాడను అలాగే ఉంచి, పిలక కింద మట్టి నింపిన చిన్న కుండీ పెట్టి, వంచిన తీగముక్కతో పిలకను కదలకుండా మట్టికి ఆనించి, తడి ఆరకుండా చూడాలి. మెల్లగా లాగినప్పుడు పిలక ఊడి రాకుండా పట్టు చూపితే వేళ్లు దిగినట్టే. అప్పుడు తల్లి కాడ నుంచి వేరుచేయవచ్చు.

డైటీస్‌లో ఈ సౌలభ్యం లేదు. దుబ్బును విడదీసి నాటవచ్చు గాని, కదిలించిన మొక్క కోలుకుని మళ్లీ పూయడానికి సమయం తీసుకుంటుంది. విత్తనాలతోనూ పెంచవచ్చు, అయితే పువ్వు కోసం ఓపికగా ఎదురుచూడాలి. కాయలు పగిలి విత్తనాలు చుట్టూ రాలడం ఇష్టం లేకపోతే, పచ్చిగా ఉండగానే కాయలను తుంచేయాలి.

కుండీలో పెంచాలంటే నా ఓటు ట్రైమీజియాకే, ఎందుకంటే కుండీని నీడకు జరపడం, తేమను గమనించడం తేలిక. అడుగున నీరు పోయే రంధ్రాలు తప్పనిసరి. పెరిగే కాలంలో ఎరువును పలుచగా వేయాలి, నత్రజని మితిమీరితే ఆకులు ఏపుగా పెరిగి పూలు తగ్గుతాయి. దుబ్బు కుండీ నిండా ఇరుక్కుపోయినప్పుడు పూత ముగిశాక విడదీసి కొత్త మట్టిలో నాటాలి. నేలలో నాటేవారు మాత్రం కాడలు వంగి వాలేందుకు చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. అక్కర్లేని పిలకలను వేళ్లు దిగకముందే తీసేయకపోతే అవి పక్క మొక్కల చోటును కూడా ఆక్రమిస్తాయి.